కల్లు ఆగితే ఫిట్స్ ఎందుకు వచ్చాయి? నిద్ర మందుల లోపలి లెక్క

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు గట్టిగా జరిగాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో కల్లులో కలిపే మత్తు పొడి రావడం ఒక్కసారిగా తగ్గిపోయింది. రెండు మూడు రోజులు తిరక్కుండానే ప్రభుత్వాసుపత్రుల ముందు జనం పోగయ్యారు. చేతులు వణికేవాళ్లు, రాత్రంతా కన్ను మూయలేనివాళ్లు, ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్లు, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడేవాళ్లు. కొందరిని మంచానికి కట్టి ఉంచాల్సి వచ్చింది. పల్లెల్లో దీన్ని పిచ్చి అన్నారు, గాలి సోకిందన్నారు. తాగినందుకు వచ్చిన జబ్బయితే ఎవరికైనా అర్థమవుతుంది. ఇది తాగడానికి దొరకనందుకు వచ్చిన జబ్బు.

అసలు కల్లులో ఉండే ఆల్కహాల్ తక్కువే. తాటి కల్లయినా ఈత కల్లయినా పులిశాక నాలుగైదు శాతం, మహా అయితే ఇంకాస్త ఎక్కువ. బీరుతో సమానం. చెట్టు కల్లు రోజూ తాగేవాడు రెండు రోజులు మానేస్తే చిరాకు పడవచ్చు గానీ, ఊళ్లకు ఊళ్లు ఇలా ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరవు. కారణం కల్లులో కాదు, కల్లులో కలిపినదాంట్లో ఉంది. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. నీళ్లు, శాకరిన్, కాస్త కల్లు వాసన ఉంటే సీసా నిండుతుంది గానీ కిక్కు రాదు. ఆ కిక్కు కోసం వాడేవి మూడు: క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం. మన పత్రికల్లో క్లోరోహైడ్రేట్, డైజోఫాం, ఆల్ఫ్రాజోలం అని కనిపించేవి ఇవే.

ఈ మూడూ ఏ దొంగ రసాయన శాస్త్రవేత్తో కనిపెట్టిన విషాలు కావు. మూడూ ఒక్కో కాలంలో డాక్టర్లు చీటీ మీద రాసిన నిద్ర మందులు, టెన్షన్ మందులు. చివరి రెండూ ఇప్పటికీ రాస్తున్నవే. కాబట్టి కల్తీ కల్లు సీసాను ముందు పెట్టుకుంటే నిద్ర మందుల నూట యాభై ఏళ్ల చరిత్ర, అవి మెదడులో చేసే పని, వదిలేటప్పుడు పెట్టే తిప్పలు అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. మందుల షాపులో కొన్న మాత్రకూ ఆ సీసాకూ మధ్య తేడా మోతాదు తెలియడం, తెలియకపోవడం దగ్గరే ఎక్కువ.

బ్రేకు మీద కాలు

మెదడులో నాడీకణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూనే ఉంటాయి. రెచ్చగొట్టే పని ముఖ్యంగా గ్లుటమేట్ అనే రసాయనానిది. దాన్ని ఆపేవాడు లేకపోతే మెదడంతా ఒకే మంటగా రగులుతుంది. ఆ స్థితినే మనం ఫిట్స్ అంటాం. ఆపే పని గాబా అనే చిన్న అణువుది. గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం అనే పొడుగు పేరును ఎవరూ వాడరు. ఇది మెదడులో పుష్కలంగా ఉందని 1950లో బయటపడింది. కనుగొన్నవాళ్లలో అమెరికాకు చెందిన యూజీన్ రాబర్ట్స్ ముఖ్యుడు. ఏం పనిచేస్తుందో తేలడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

నాడీకణం పైపొర మీద గాబా కోసం ఒక ద్వారం ఉంటుంది. అయిదు ముక్కలు గుండ్రంగా నిలబడితే మధ్యలో ఏర్పడే సందు అది. మెదడులో ఎక్కువగా కనిపించే రకంలో రెండు ఆల్ఫా ముక్కలు, రెండు బీటా ముక్కలు, ఒక గామా ముక్క ఉంటాయి. గాబా వచ్చి ఆల్ఫాకు బీటాకు మధ్య ఉన్న గాడిలో కూర్చుంటే సందు తెరుచుకుంటుంది, బయటి క్లోరైడ్ అయాన్లు లోపలికి జారతాయి. వాటికి రుణావేశం ఉంటుంది కాబట్టి కణం లోపలి వోల్టేజి ఇంకా కిందికి దిగుతుంది. అలా దిగిన కణాన్ని రెచ్చగొట్టడం కష్టం. బ్రేకు అంటే ఇదే.

డైజిపాం, అల్ప్రాజోలం, లోరాజిపాం, క్లోనాజిపాం లాంటి బెంజోడయజిపైన్ కుటుంబం గాబా గాడిలో కూర్చోదు. దానికి వేరే చోటుంది, ఆల్ఫాకు గామాకు మధ్య. అక్కడ చేరి ఆ మందు చేసే పని ఒక్కటే: గాబా వచ్చినప్పుడు తలుపు మామూలుకంటే ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తుంది. గాబా రాకపోతే ఆ మందు తలుపును తనంతట తాను తెరవలేదు. అంటే కారులో బ్రేకు తొక్కేది ఎప్పటిలా డ్రైవరే, బ్రేకు మాత్రం కాస్త సున్నితంగా మారింది.

అంతకుముందు తరం మందులైన బార్బిట్యురేట్ల తీరు వేరు. అవి తలుపు తెరుచుకున్నాక మూసుకోనివ్వకుండా ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి. మోతాదు పెరిగేకొద్దీ గాబా అవసరమే లేకుండా తలుపును నేరుగా తెరిచేస్తాయి. ఇక్కడ డ్రైవరుతో పని లేదు, మందే బ్రేకు మీద నిలబడింది. నిద్ర తర్వాత మైకం, మైకం తర్వాత కోమా, ఆ తర్వాత ఊపిరి నడిపే కేంద్రం ఆగిపోవడం. మెట్ల మధ్య అడ్డుగోడ ఉండదు. 1962లో మార్లిన్ మన్రో చనిపోయినప్పుడు శవపరీక్షలో దొరికినవి పెంటోబార్బిటాల్ అనే బార్బిట్యురేట్, దానితోపాటు క్లోరల్ హైడ్రేట్. పాత సినిమాల్లో నిద్రమాత్రల సీసా అంటే చావుకు గుర్తుగా చూపించడం ఆ కాలపు మందుల నుంచి వచ్చిన అలవాటే.

బెంజోడయజిపైన్లకు మెదడులో ఉన్న గాబా ఎంతో అదే హద్దు. అందుకే అవి వచ్చాక డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ హద్దు మందు ఒంటరిగా ఉన్నంతవరకే. ఆల్కహాల్ తోడైతే, ట్రమడాల్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు తోడైతే హద్దు చెరిగిపోతుంది. ఆల్కహాల్ కూడా గాబా బ్రేకునే నొక్కుతుంది, పైగా గ్లుటమేట్ అనే యాక్సిలరేటర్‌ను కూడా అణిచేస్తుంది. కల్తీ కల్లులో ఈ రెండూ ఒకే సీసాలో ఉంటాయి.

పొరపాటున కుదిరిన మందు

కల్లులో కలిపే మూడింట్లో వయసులో పెద్దది క్లోరల్. జర్మనీలో యూస్టస్ ఫాన్ లీబిష్ 1832లో తయారు చేశాడు. మందుగా ఎవరూ పట్టించుకోలేదు. ముప్పై ఏడేళ్ల తర్వాత, 1869లో, బెర్లిన్‌లో ఆస్కార్ లీబ్రైష్ దీన్ని నిద్ర మందుగా వాడాడు. ఆయన ఆలోచన ఏమిటంటే, ఇది రక్తంలో విడిపోయి క్లోరోఫాంగా మారుతుంది, క్లోరోఫాం మనిషిని నిద్రపుచ్చుతుంది అని. మందు పనిచేసింది. ఆలోచన మాత్రం తప్పు. క్లోరల్ శరీరంలో క్లోరోఫాంగా మారదు. కాలేయం దాన్ని ట్రైక్లోరోఎథనాల్‌గా మారుస్తుంది, నిద్ర తెప్పించేది అదే. తప్పు లెక్కతో సరైన జవాబు రాసిన విద్యార్థి కథ ఇది. వైద్య చరిత్రలో ఇలాంటి మార్కులు చాలామందికే పడ్డాయి.

పేరును బట్టే తెలుస్తుంది, ట్రైక్లోరోఎథనాల్ ఒక రకం ఆల్కహాల్. క్లోరల్‌ను అలా మార్చే ఎంజైమ్ కూడా ఆల్కహాల్‌ను నడిపే ఎంజైమే, ఆల్కహాల్ డీహైడ్రోజినేస్. ఇక్కడే సారాయితో, కల్లుతో కలిపినప్పుడు అసలు చిక్కు వస్తుంది. తాగిన ఆల్కహాల్‌ను ఈ ఎంజైమ్ విరగ్గొట్టేటప్పుడు ఒక సహాయక అణువు మిగులుతుంది. క్లోరల్‌ను ట్రైక్లోరోఎథనాల్‌గా మార్చడానికి కావలసింది సరిగ్గా ఆ అణువే. కాబట్టి ఆల్కహాల్ ఉంటే క్లోరల్ త్వరగా, ఎక్కువగా మత్తుగా మారుతుంది. అలా పుట్టిన ట్రైక్లోరోఎథనాల్ తిరిగి ఆల్కహాల్ విరిగిపోవడాన్ని అడ్డుకుంటుంది. అంటే ఆల్కహాల్ కూడా రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఒకటి ఒకటి కలిస్తే రెండు కావాల్సింది మూడవుతుంది. అమెరికాలో పాతకాలపు బార్లలో పరాయివాళ్ల గ్లాసులో ఇదే కలిపి పడగొట్టి దోచుకునేవాళ్లు. దానికి మికీ ఫిన్ అని పేరు కూడా ఉంది. మన దగ్గర అదే పని ఖాతాదారుల గ్లాసులోనే జరిగింది.

క్లోరల్‌కు ఇంకో గుణముంది, అది గుండెకు పడదు. ఎక్కువ మోతాదులో గుండె కండరం అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేసి లయ తప్పిస్తుంది. కడుపులో పూతను కూడా కాలుస్తుంది. ఆధునిక వైద్యం దీన్ని పక్కన పెట్టేయడానికి ఇవన్నీ కారణాలే.

బార్బిట్యురేట్ల కథ క్లోరల్ తర్వాతది. బార్బిట్యురిక్ ఆమ్లాన్ని అడాల్ఫ్ ఫాన్ బాయర్ 1864లో చేసినా, నిద్ర తెప్పించే మొదటి రూపం బార్బిటాల్ 1903లో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మేరింగ్ చేతుల్లో పుట్టింది. 1912లో ఫినోబార్బిటాల్ వచ్చింది. ఇది మనకు పరాయిది కాదు. మూర్ఛ రోగులున్న ఇళ్లలో గార్డినాల్ మాత్ర పేరు వినని వాళ్లు తక్కువ. నిద్ర మందుగా దాని రోజులు అయిపోయాయి గానీ మూర్ఛకు చౌకగా దొరికే మందుగా ఇంకా బతికే ఉంది. ఫిట్స్‌ను ఆపే మందూ నిద్ర తెప్పించే మందూ ఒకటే కావడం కాకతాళీయం కాదు. రెండు పనులూ ఆ బ్రేకువే. ఇది గుర్తుంచుకుంటే నిజామాబాద్‌లో జరిగింది సగం అర్థమైనట్టే.

ఇక బెంజోడయజిపైన్లు. అమెరికాలోని న్యూజెర్సీలో రోష్ కంపెనీ ల్యాబులో పనిచేసే లియో స్టెర్న్‌బాక్ కొన్ని రసాయనాల మీద ఏళ్లపాటు పనిచేసి, ఫలితం లేక వదిలేశాడు. 1957లో బల్లలు సర్దుతుంటే పరీక్షకు పంపకుండా మిగిలిపోయిన ఒక పదార్థం కనిపించింది. పారేసే ముందు ఒకసారి జంతువుల మీద చూద్దామని పంపారు. అదే క్లోర్‌డయజిపాక్సైడ్, 1960లో లిబ్రియం పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. 1963లో దాని తమ్ముడు డైజిపాం, వాలియం పేరుతో. మన దేశంలో కాంపోజ్ పేరుతో రెండు తరాలకు తెలిసిన మందు. వీటికి మెదడులో ప్రత్యేకమైన చోటు ఉందని తేలింది 1977లో. అంటే కోట్లమంది వాడేసిన పద్నాలుగేళ్లకు అది ఎక్కడ అంటుకుంటుందో తెలిసింది.

గ్రాముల నుంచి మిల్లీగ్రాములకు

కల్లు వ్యాపారం క్లోరల్ నుంచి డైజిపాంకు, దాన్నుంచి అల్ప్రాజోలంకు జరిగింది. ఈ వరసకు కారణం మత్తు నాణ్యత కాదు, బరువు. క్లోరల్‌తో ఒక మనిషిని నిద్రపుచ్చడానికి అర గ్రాము నుంచి గ్రాము దాకా కావాలి. డైజిపాం అయితే 5 నుంచి 10 మిల్లీగ్రాములు. అల్ప్రాజోలం అర మిల్లీగ్రాము చాలు. క్లోరల్ ఒక గ్రాము చేసే పని అల్ప్రాజోలం రెండు వేల వంతుతో చేస్తుంది. క్లోరల్‌కు బస్తాలు కావాలి, ఘాటైన వాసన ఉంటుంది, లారీ కావాలి, గోదాము కావాలి. అల్ప్రాజోలం చొక్కా జేబులో పడుతుంది.

చట్టం ఈ లెక్కను గుర్తించింది. మాదకద్రవ్యాల చట్టం కింద డైజిపాంకు వాణిజ్య పరిమాణం, అంటే పెద్ద శిక్ష పడే హద్దు, 500 గ్రాములయితే అల్ప్రాజోలంకు 100 గ్రాములే. 100 గ్రాములంటే వినడానికి కొంచెమే. అర మిల్లీగ్రాము మాత్రలుగా చేస్తే అది రెండు లక్షల మాత్రలు. తెలంగాణలో పట్టుబడే అల్ప్రాజోలం వార్తల్లో కిలోల లెక్క కనిపించినప్పుడు ఈ భాగహారం ఒకసారి చేసి చూడాలి.

ఇంత శక్తి ఉన్న మందుతో వచ్చే అసలు ప్రమాదం కలపడంలోనే ఉంది. అర మిల్లీగ్రాము అంటే చిటికెలో కంటికి ఆనని నలుసు. మాత్రల ఫ్యాక్టరీలో ఆ నలుసును వందల రెట్లు పిండి పదార్థంతో సమంగా కలపడానికే ప్రత్యేక యంత్రాలు, పరీక్షలు ఉంటాయి. డ్రమ్ములో కర్రతో కలిపితే పై సీసాలో ఒక మోతాదు, అడుగు సీసాలో పది మోతాదులు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి పలువురు ఆసుపత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు. అప్పటి నమూనాల్లో కూడా అల్ప్రాజోలం ఆనవాళ్లు బయటపడ్డాయి.

రక్తంలో గడియారం

ఏ నిద్ర మందు గురించైనా రెండు ప్రశ్నలు వేయాలి. ఎంత త్వరగా మెదడుకు చేరుతుంది? ఎంతసేపటికి పోతుంది? రెండో దానికి అర్ధాయువు అని కొలత. రక్తంలో ఉన్న మందు సగానికి పడిపోవడానికి పట్టే సమయం. జోల్పిడెం అనే నిద్ర మందుకు రెండున్నర గంటలు. అల్ప్రాజోలంకు సుమారు 11. లోరాజిపాంకు 10 నుంచి 20. క్లోనాజిపాంకు 30 నుంచి 40. డైజిపాంకు ఒక్కదానికే 20 నుంచి 50 గంటలు. పైగా కాలేయం దాన్ని నార్‌డయజిపాం అనే ఇంకో పనిచేసే మందుగా మారుస్తుంది. దాని అర్ధాయువు 100 గంటల దాకా పోవచ్చు.

మరి డైజిపాం ఒక మాత్ర వేసుకుంటే నాలుగు రోజులు నిద్రపోవాలి కదా? అలా జరగదు. డైజిపాం కొవ్వులో బాగా కరుగుతుంది. వేసుకున్న అరగంటకే మెదడుకు చేరుతుంది, కొద్ది గంటల్లో అక్కణ్నుంచి ఒంట్లోని కొవ్వులోకి జారిపోతుంది. మత్తు దిగుతుంది, మందు మాత్రం ఇంట్లోనే ఒక మూల ఉంటుంది. రోజూ వేసుకుంటూ పోతే ఆ మూల నిండుతుంది. వారం పది రోజులకు తల్లి మాత్రా పిల్ల మందూ కలిసి పగలు కూడా మబ్బుగా ఉంచుతాయి.

ముసలివాళ్లలో ఇది ఇంకా తీవ్రం. డైజిపాం అర్ధాయువు 20 ఏళ్ల వయసులో 20 గంటలుంటే 80 ఏళ్లకు 90 గంటల దగ్గరికి చేరుతుందని 1970ల్లోనే కొలిచి చూశారు. రాత్రి బాత్రూంకు లేచిన తాతయ్య పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, దిండు పక్కనున్న మాత్రల స్ట్రిప్పును ఎవరూ తప్పుపట్టరు. నేల తడిగా ఉందంటారు. కాలేయం దెబ్బతిన్నవాళ్లకు డాక్టర్లు లోరాజిపాం ఎంచుకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దాన్ని వదిలించుకోవడానికి కాలేయానికి ఒకే ఒక సులువైన మెట్టు చాలు, పిల్ల మందులేవీ పుట్టవు.

ఆడవాళ్ల విషయంలో వైద్యం ఆలస్యంగా మేలుకుంది. జోల్పిడెం అమెరికాలో 1992లో అనుమతి పొందింది. ఆడవాళ్లయినా మగవాళ్లయినా 10 మిల్లీగ్రాములే. 2013లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆడవాళ్ల మోతాదును సగానికి, 5 మిల్లీగ్రాములకు దించింది. అదే మాత్ర ఆడవాళ్ల రక్తంలోంచి నెమ్మదిగా పోతుంది. ఎనిమిది గంటల తర్వాత, అంటే కారు తీసి ఆఫీసుకు బయలుదేరే వేళకు, డ్రైవింగ్‌ను దెబ్బతీసేంత మందు 15 శాతం మంది ఆడవాళ్లలో మిగిలి ఉంది. మగవాళ్లలో అది 3 శాతమే. ఇది తెలియడానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.

మెదడు చేసే ఎదురు లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రోజూ ఎవరో బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే మెదడు ఊరుకోదు. వారాలు గడిచేకొద్దీ గాబా ద్వారాలు ఆ మందుకు మునుపటిలా పలకవు. రెండో పక్క గ్లుటమేట్ వ్యవస్థ బలం పెంచుకుంటుంది. ఒకప్పుడు ఒక సీసాతో పడుకునేవాడికి మూడు సీసాలు కావడం ఈ సర్దుబాటు వల్లే. బయటికి మనిషి మామూలుగానే కనిపిస్తాడు, పనికి పోతాడు. లోపల మాత్రం గట్టిగా తొక్కిన బ్రేకు, గట్టిగా తొక్కిన యాక్సిలరేటర్ ఒకదాన్నొకటి పట్టి ఉంచుతున్నాయి.

సరఫరా ఆగిన రోజు బ్రేకు లేచిపోతుంది, యాక్సిలరేటర్ అలాగే ఉంటుంది. మందు రక్తం నుంచి గంటల్లో పోతుంది. ద్వారాలు తిరిగి పాత తీరుకు రావడానికి వారాలు పడుతుంది. ఆ మధ్య ఖాళీలో వచ్చేవే వణుకు, చెమటలు, గుండెదడ, నిద్రలేమి, ఫిట్స్, సంధి ప్రేలాపన. అల్ప్రాజోలం లెక్క వేస్తే, ఆఖరి సీసా తాగిన 24 గంటలకు రక్తంలో మిగిలేది అయిదో వంతు కాస్త పైన, 48 గంటలకు ఇరవయ్యో వంతు. రోగులు రెండో రోజు, మూడో రోజు ఆసుపత్రికి చేరడానికి ఈ అంకెలు సరిపోతాయి. డైజిపాం తాగినవాడికి ఇదే జబ్బు వారం తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, కాస్త మెత్తగా వస్తుంది. కొవ్వులోంచి దిగే మందే అతనికి తెలియకుండా మెల్లగా మాన్పిస్తుంది. కల్లు వ్యాపారులు డైజిపాం నుంచి అల్ప్రాజోలంకు మారినప్పుడు తాగేవాళ్లకు పోయింది ఆ మెత్తదనం. దాన్ని అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

డాక్టరు చీటీతో మాత్రలు వాడేవాళ్లకూ ఇదే మెదడు, ఇదే లెక్క. నెలల తరబడి రోజూ అల్ప్రాజోలం వేసుకున్న మనిషి పండక్కి ఊరెళ్తూ మాత్రలు మరిచిపోతే రెండో రాత్రికి నిద్ర పూర్తిగా పోతుంది, గుండె దడదడలాడుతుంది. జబ్బు తిరగబెట్టింది, మాత్ర లేనిదే బతకలేను అనుకుంటాడు. చాలాసార్లు అది పాత జబ్బు కాదు, మాత్ర మానిన జబ్బు. రెండింటినీ విడదీసి చెప్పడానికి ఇంట్లోవాళ్లకే కాదు, తొందరలో ఉన్న డాక్టరుకూ కష్టమే. అమెరికా ఔషధ సంస్థ 2020లో ఈ కుటుంబంలోని మందులన్నింటి మీదా అలవాటు, విత్‌డ్రాయల్ గురించి అతి తీవ్రమైన హెచ్చరికను పెట్టించింది. మన దేశంలో అల్ప్రాజోలం, డైజిపాం, జోల్పిడెం లాంటివి 2014 నుంచి హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు అన్నది రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టర్ ఎన్ని షాపుల్లో నిజంగా తెరుచుకుంటుందో కొనేవాళ్లకే బాగా తెలుసు.

ఇంతకీ అది నిద్రేనా?

మందు తెప్పించేది నిద్రా, నిద్ర లాంటిదా అన్నది పాత ప్రశ్న. నిద్రలో దశలుంటాయి. బెంజోడయజిపైన్లు తేలికపాటి రెండో దశను పెంచి, గాఢ నిద్రను, కలల నిద్రను కోస్తాయి. గంటలు లెక్కపెడితే నిద్ర పెరిగినట్టే ఉంటుంది. ఇంకో చిత్రం కూడా ఉంది. ఈ మందులు కొత్త జ్ఞాపకాలు కట్టుకోకుండా అడ్డుకుంటాయి. ఎండోస్కోపీకి ముందు మిడజోలం ఇవ్వడం అందుకే, గొంతులో గొట్టం పెట్టిన సంగతి రోగికి గుర్తుండదు. రాత్రి మూడుసార్లు మేలుకున్నవాడు కూడా పొద్దున ఒక్కసారీ లేవలేదంటాడు. నిద్ర పట్టిందా, మెలకువ మరిచిపోయాడా అన్నది అతని మాట మీద తేలదు. జోల్పిడెం కుటుంబం మీద జరిగిన పరీక్షల్ని కలిపి 2012లో లెక్కగట్టినప్పుడు, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే నిద్ర పట్టే సమయం యంత్రం కొలతలో సుమారు 22 నిమిషాలు తగ్గింది. 22 నిమిషాలు చిన్న విషయం కాదు. కానీ చాలామంది ఊహించుకునేంత పెద్దదీ కాదు.

నిద్ర తెప్పించే గుణాన్నీ భయం తగ్గించే గుణాన్నీ విడదీయవచ్చని 1999లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు చూపించారు. ఎలుకల్లో గాబా ద్వారంలోని మొదటి రకం ఆల్ఫా ముక్కలో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చారు. డైజిపాం ఇచ్చినా ఆ ఎలుకలు మగతగా పడుకోలేదు. భయం మాత్రం తగ్గింది. జోల్పిడెం ఎక్కువగా అంటుకునేది ఈ మొదటి రకానికే, అందుకే అది నిద్ర వైపు ఎక్కువ మొగ్గుతుంది. అలవాటు పడదని మొదట్లో చెప్పారు గానీ అనుభవం అలా చెప్పలేదు. నిద్రలోనే లేచి నడవడం, వండటం, కారు నడపడం లాంటివి జరిగి, 2019లో దాని మీదా అమెరికాలో తీవ్ర హెచ్చరిక పడింది.

గాబాను ముట్టుకోని దారులూ ఉన్నాయి. జలుబు మందుల్లోని ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్, ప్రోమెథజీన్ లాంటివి మెదడును మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి. నాలుగైదు రోజులకే ఆ మగతకు శరీరం అలవాటు పడిపోతుంది. ముసలివాళ్లలో నోరు ఎండటం, మూత్రం బిగుసుకోవడం, మతిమరుపు మిగులుతాయి. బస్సు ప్రయాణంలో పిల్లాడు అల్లరి చేయకుండా దగ్గు సిరప్ రెండు చెంచాలు పోసే అలవాటు మన ఇళ్లలో లేదని ఎవరూ అనలేరు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజీన్ ఇస్తే ఊపిరి ఆగే ప్రమాదముంది. అది సరదా పని కాదు.

కొత్త దారి ఒరెక్సిన్. మెదడును మెలకువలో నిలబెట్టే ఈ రసాయనాన్ని 1998లో రెండు బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. దాన్ని అడ్డుకునే మొదటి మందు సువోరెక్సాంట్‌కు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక్కడ బ్రేకు నొక్కడం లేదు, యాక్సిలరేటర్ మీది కాలు తీస్తున్నారు. ఆపినప్పుడు ఫిట్స్ తెచ్చే ఎదురు లెక్క వీటిలో పెద్దగా కనిపించలేదు. మెలటోనిన్ సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు: అది నిద్ర మందు కాదు, చీకటి పడిందని మెదడుకు చెప్పే గంట.

వార్డులో

కల్తీ కల్లు మానిన జబ్బుతో వచ్చినవాళ్లకు ఇచ్చే చికిత్స మొదటిసారి చూసేవాళ్లకు విడ్డూరంగా ఉంటుంది. విరుగుడు ఇవ్వరు. బెంజోడయజిపైన్లకు ఫ్లూమజెనిల్ అనే విరుగుడు నిజంగానే ఉంది. అది ఆ మందును దాని గాడిలోంచి తోసేస్తుంది. అలవాటు పడిన మనిషికి అది ఇస్తే మిగిలిన కాస్త బ్రేకు కూడా పోయి ఫిట్స్ ఇంకా పెరుగుతాయి. అందుకే ఇచ్చేది అదే కుటుంబంలోని డైజిపాం లేదా లోరాజిపాం. ముందు తుఫాను అణిచి, తర్వాత రోజురోజుకూ మోతాదు దించుకుంటూ పోతారు. డైజిపాంలో ఒకప్పుడు తప్పుగా కనిపించిన నిదానమే ఇక్కడ ఉపయోగపడుతుంది, కొవ్వులోంచి అదే మెట్లు దిగుతుంది. చీటీ మీద ఏళ్లపాటు వాడినవాళ్లకయితే ఈ దించడం వారాలు కాదు, నెలలు పడుతుంది. ఒక్కోసారి పది శాతం తగ్గించి, శరీరం కుదురుకునేదాకా ఆగి, మళ్లీ పది శాతం.

మాత్రలు వాడినవాడికి ఎంత ఇవ్వాలో స్ట్రిప్పు చూస్తే తెలుస్తుంది. కల్లు తాగినవాడికి ఆ లెక్క లేదు. రోజుకు ఎన్ని సీసాలని అడిగితే అయిదనో పదనో చెబుతాడు, సీసాలో ఏముందో అతనికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. కాబట్టి వార్డులో నర్సు గంటకోసారి వచ్చి రోగిని చేతులు ముందుకు చాపమంటుంది. వేళ్లు ఎంత వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట ఎంత, నాడి ఎంత అని రాసుకుంటుంది. తర్వాతి మోతాదు ఆ కాగితం మీద నుంచి వస్తుంది.